చేతిపని: వెలిగే స్టారు కార్డు - మేము చేసిన తప్పు, దాని సవరణ



క్రిందటి క్రిస్మస్ ముందు ఈ శీర్షికలో వెలిగే స్టారు కార్డు చేసే పద్ధతి వ్రాశాము. చాలామంది చేశారు. బాగుందని ఉత్తరములు కూడ వ్రాశారు. అయితే ఆ పద్ధతిలో ఒక తప్పు ఉన్నది. అది మా తప్పే గాని మీది కాదు, మీ పిల్లలది అంతకంటె కాదు. ఆ కార్డు కోసము కొన్న బిళ్ళ బ్యాటరీలు ఇంకా మీ ఇంటిలో ఎక్కడైనా ఉన్న యెడల, ఈ నెల శీర్షికను పూర్తిగా చదివి తరువాత వేరే పని చూచుకొనవలెనని కోరుచున్నాము.

క్రొత్తగా చదువుతున్నవారి కొరకు ముందు కార్డు సంగతి చెబుతాము. మన ఇళ్ళలో కాగితమునకు, వెలుగునకు ఉన్న స్నేహము పాతదే. డిసెంబరు వచ్చిందంటే వెదురు బద్దలు చీల్చి, అయిదు కొనల చట్రము కట్టి, రంగు కాగితము అంటించి, వెదురు బొంగుకు వ్రేలాడదీసేవారు. లోపల దీపము పెట్టి, గాలికి ఎక్కడ అంటుకుంటుందోనని ఇంటివారు బయట కాపలా కూర్చునేవారు. తరువాత బల్బు వచ్చింది, ఆ తరువాత సీరియల్ సెట్లు వచ్చాయి. ఇప్పుడు చెప్పే కార్డు ఆ స్టారుకు మనుమరాలు అనుకోండి. అట్టకాగితము మీద రాగి తీగలు అంటించి, ఒక చిన్న ఎల్.ఇ.డి. దీపము, ఒక బ్యాటరీ, మధ్యలో ఒక చిప్ పెడతాము. దీపము ఎప్పుడు వెలగాలో, ఎంతసేపు ఆరివుండాలో ఆ చిప్ చూచుకుంటుంది.

తెరవగానే పాట పాడే గ్రీటింగు కార్డులు మీలో చాలామంది చూచియుంటారు. వాటిలో కూడ చిప్ ఉండేది. కాని ఫ్యాక్టరీవారు నేర్పిన పాట తప్ప దానికి మరేమీ రాదు. (పండుగ నాడు పది కార్డులు ఒకేసారి పాడుతూ ఉంటే మాకు తలనొప్పి వచ్చేది.) మేము చెప్పే చిప్‌ను మైక్రోకంట్రోలరు అంటారు. దీనికి పని నేర్పవలసినది ఫ్యాక్టరీ కాదు, ఆ కార్డు చేసిన పిల్లవాడే.

కాగితము మీద ఇలా కరెంటు నడిపించే చేతిపని మేము కనిపెట్టినది కాదు. అమెరికాలోని ఎం.ఐ.టి. మీడియా ల్యాబులో లేయా బ్యూక్లీ అనే ఆవిడ, ఆమె విద్యార్థిని జీ చీ దీనిని చాలా కాలము సాధన చేశారు. జీ చీ, బన్నీ హువాంగ్ అనే ఇంజనీరుతో కలిసి, కాగితమునకు స్టిక్కరులా అంటించే దీపములను 2013లో ప్రజల చందాలతో తయారుచేయించారు. అవి మన చేతికి అందుబాటు ధరలో లేవు గనుక మేము వేరే దారి పట్టాము. మేము వాడినది ఏటీటైనీ 85 అనే చిప్. ఎనిమిది కాళ్ళు, వ్రేలిగోరు అంత ఉంటుంది. మాకు వంద, రెండు వందల రూపాయల మధ్య దొరికింది. దానికి ప్రోగ్రాము ఎక్కించుటకు ఆర్డునో ఊనో అనే బోర్డు ఒకటి, ఒక పాత కంప్యూటరు ఉంటే చాలు. సండేస్కూలు అంతటికీ బోర్డు ఒక్కటే సరిపోతుంది. ఒక్కొక్క చిప్‌కు వంతు ప్రకారము ప్రోగ్రాము ఎక్కించి తీసివేయవచ్చును. కరెంటు తీసివేసినా చిప్ నేర్చుకున్నది మరచిపోదు. మీ ఊరి హైస్కూలులో అటల్ టింకరింగ్ ల్యాబు ఉన్నదేమో హెడ్మాస్టరుగారిని అడగండి. 2016 నుండి కేంద్ర ప్రభుత్వము ఆరవ తరగతి మొదలు పన్నెండవ తరగతి వరకు పిల్లల కొరకు ఈ ల్యాబులను ఇస్తున్నది. వాటిలో ఇలాంటి బోర్డులు ఉంటాయి. కొన్నిచోట్ల బీరువాలో తాళము వేసి ఉంటాయి. అడిగేవారు ఉంటే తాళము తీస్తారు.

క్రిందటి అడ్వెంటు మొదటి ఆదివారము భీమిలి దాటిన తరువాత సముద్రపు ఒడ్డున ఉన్న ఒక చిన్న సంఘమునకు ఈ పని నేర్పుటకు వెళ్ళాము. చాలామంది తండ్రులు విశాఖ ఫిషింగ్ హార్బరు నుండి వేటకు వెళ్ళేవారే. ఇరవై ఇద్దరు పిల్లలు వచ్చారు. ఆరాధన తరువాత చాపల మీద కూర్చోబెట్టి కార్డులు ఇచ్చాము. బ్యాటరీలు కూడ ఇరవై రెండే ఇచ్చాము. ఈ లెక్క ఎందుకు చెబుతున్నామో తరువాత తెలుస్తుంది.

ప్రోగ్రాము అంటే ఏమిటో పిల్లలకు ఇలా చెప్పాము. చిప్ చాలా విధేయత గల పనివాడు, కాని ఊహ లేనివాడు. "దీపము వెలిగించు" అంటే వెలిగిస్తాడు. "ఆర్పు" అంటే ఆర్పుతాడు. మధ్యలో ఆగమని చెప్పకపోతే ఆగడు. ఎంతసేపు ఆగాలో సెకనులో వెయ్యోవంతుల లెక్కన చెప్పాలి. వెయ్యి అంటే ఒక సెకను. వెలిగించు, వెయ్యి ఆగు, ఆర్పు, వెయ్యి ఆగు, మళ్ళీ మొదటికి రా. పని అంతా ఇంతే. కంప్యూటరులో వ్రాస్తే ఆరేడు వరుసలు.

తొమ్మిదవ తరగతి చదివే ఒక పిల్లవాడు తన చిప్ చెడిపోయిందని లేచి నిలబడ్డాడు. "అందరివీ ఆరి వెలుగుతున్నాయి, నాది ఆరడం లేదండి" అన్నాడు. వాని ప్రోగ్రాము చూచాము. వెయ్యి అని వ్రాయవలసిన చోట పది అని వ్రాశాడు. అంటే దీపము సెకనుకు యాభైసార్లు ఆరి వెలుగుతున్నది, మన కన్ను అంత వేగము పట్టుకోలేదు. ఈ సంగతి మేము నోటితో చెబితే వాడు నమ్మేవాడు కాడు. కిటికీలు మూయించి, కార్డును చీకటిలో అటు ఇటు వేగముగా ఊపమన్నాము. గాలిలో ఎర్రని గీత పడింది. గీత కాదు, చుక్కలు! చుక్క, ఖాళీ, చుక్క, ఖాళీ. పిల్లలందరు కేకలు వేశారు. అయ్యగారు కూడ వచ్చి ఊపి చూచారు.

తరువాత ఆ పిల్లవాడే మరొక సంగతి గమనించాడు. తన దీపము ప్రక్కవారి దీపము కంటె మసకగా ఉన్నది. సగము సేపు ఆరివుంటుంది గనుక కంటికి సగము వెలుగే అందుతుంది. వెలిగే సేపు తగ్గిస్తే ఇంకా మసక అవుతుంది, పెంచితే కాంతి పెరుగుతుంది. స్టారు మెల్లగా వెలిగి మెల్లగా ఆరేటట్లు చేసే రహస్యము ఇదే. దానిని ఆ పూట మేము చెప్పాలని కూడ అనుకోలేదు. వాని పొరపాటు వలన అందరికీ వచ్చింది.

చీకటి పడే వేళకు ఇరవై రెండు కార్డులు వెలిగాయి. "క్రిస్మస్ దాకా వెలుగుతాయి" అని చెప్పి బస్సెక్కాము.

తరువాతి ఆదివారము వెళ్ళేసరికి ఎనిమిదవ తరగతి అమ్మాయి ఒకతె గుమ్మములో నిలబడి ఉన్నది. చేతిలో కార్డు. "మంగళారమే ఆరిపోయిందక్కా. క్రిస్మస్ దాకా ఎలుగుద్దన్నారు కదా" అన్నది. ఆ ఒక్క కార్డే కాదు, అన్నీ ఆరిపోయాయి.

అక్కడే కూర్చుండి లెక్క వేశాము. ముందే వేయవలసిన లెక్క అది. బిళ్ళ బ్యాటరీలో ఉండేది సుమారు 220 మిల్లీ ఆంపియర్ గంటలు. దీపము వెలిగినపుడు సుమారు 10 మిల్లీ ఆంపియర్లు తింటుంది. సగము సేపు ఆరివుంటుంది గనుక సగటున 5. చిప్‌కు మరొకటి. మొత్తము 6. రెండు వందల ఇరవైని ఆరుతో భాగిస్తే ముప్పై ఆరు గంటలు. అంత గట్టిగా లాగితే బిళ్ళ తన పూర్తి శక్తిని కూడ ఇవ్వదు. ఆదివారము సాయంత్రము వెలిగించినది మంగళవారము ఆరిపోక ఏమవుతుంది? మేము కార్డుకు స్విచ్చి పెట్టలేదు. చిప్‌ను నిద్రపుచ్చే మాట ప్రోగ్రాములో వ్రాయలేదు. ఆ అమ్మాయి మా లెక్క అంతా చూచి, "అయితే మీరు చూడకుండానే చెప్పేసేరా?" అన్నది. అవునని చెప్పాము.

అసలు సంగతి ఇది కాదు. కార్డులు ఆరిపోతే పిల్లలు ఊరుకుంటారా? టేపు ఊడదీసి బ్యాటరీలు బయటకు తీశారు. బచ్చాలాటలో పెట్టారు, గూటిలో పెట్టారు, పారేశారు. ఆ ఆదివారము ఆరాధన ముగిసిన గంటకు ఒక మామ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. "మా బుల్లోడు చొంగ కార్చేస్తన్నాడమ్మా, దగ్గుతున్నాడు. పెద్దోడి బిళ్ళ కనిపించట్లేదు" అన్నది. చిన్నవాడికి పద్నాలుగు నెలలు.

ఆ మాట వినిన తరువాత మా కాళ్ళు, చేతులు ఎలా అయిపోయాయో వ్రాయలేము. మాలో ఇద్దరము ఆ తల్లిని, బిడ్డను తీసుకొని ఆటోలో విశాఖకు బయలుదేరాము. మిగిలినవారు అయ్యగారితో కలిసి ఇల్లిల్లు తిరిగారు. ఇరవై రెండింటిలో ఇరవై ఒకటి దొరికాయి. ఎక్స్‌రే తీయించాము. బిడ్డ కడుపులో, గొంతులో ఏమీ లేదు. జలుబు చేసింది, అంతే. బిళ్ళ బ్యాటరీ ఎక్స్‌రేలో నాణెము వలె ఒక వలయముగా కాక, లోపల మరొక వలయముతో జంటగా కనిపిస్తుందని డాక్టరుగారు చూపించి చెప్పారు. ఆసుపత్రి మెట్ల మీద ఉండగా సంఘపు కోశాధికారిగారు ఫోను చేశారు. కానుకలు లెక్కపెడుతుంటే రూపాయి బిళ్ళల మధ్య మా బ్యాటరీ దొరికిందట. ఆ బిడ్డ అన్న, అయిదేండ్లవాడు, కానుకకని తండ్రి ఇచ్చిన రూపాయి తినుబండారానికి ఖర్చుపెట్టుకొని, దానికి బదులు ఈ బిళ్ళను సంచిలో వేశాడు.

నవ్వు వచ్చిన మాట నిజమే. ఆ నవ్వు ఇంటికి వచ్చేవరకు నిలువలేదు. మా మాట నమ్మి ఎన్ని ఊళ్ళలో ఎన్ని ఇళ్ళలో ఈ బిళ్ళలు ఉన్నాయో మాకు తెలియదు. కాబట్టి ఈ క్రింది మాటలు ఇంటిలో పెద్దవారికి, ముఖ్యముగా మామ్మలకు, తాతలకు చదివి వినిపించండి.

బిళ్ళ బ్యాటరీ మింగితే అది నాణెము మింగినట్లు కాదు. ఇరవై మిల్లీమీటర్ల బిళ్ళ చిన్నపిల్లల అన్నవాహికలో ఇరుక్కుంటుంది. తడి కండరము రెండు ప్రక్కలా తగలగానే కరెంటు నడుస్తుంది, అక్కడ సున్నము వంటి ఘాటైన క్షారము పుట్టి లోపల కాలుస్తుంది. రెండు గంటలలోనే పెద్ద గాయము కావచ్చును. దీపము వెలిగించలేని పాత బ్యాటరీలో కూడ బిడ్డను కాల్చేంత శక్తి మిగిలి ఉంటుంది. చొంగ కారడము, దగ్గు, అన్నము ముట్టకపోవడము, రొమ్ము నొప్పి అని ఏడవడము గుర్తులు. ఏ గుర్తు లేకుండా కూడ ఉండవచ్చును. మింగాడేమోనని అనుమానము వస్తే చాలు, గుర్తుల కోసము కాచుకొని కూర్చొనవద్దు. వాంతి చేయించవద్దు. అరటిపండు, అన్నపు ముద్ద పెట్టి క్రిందికి దింపాలని చూడవద్దు. ఇది మన పల్లెలలో అందరు చేసే పనే గనుక గట్టిగా చెబుతున్నాము. 108కి ఫోను చేసి, రాత్రి పగలు ఎక్స్‌రే తీసే పెద్ద ఆసుపత్రికి తీసుకొనిపోండి. విశాఖ దగ్గరివారికి కె.జి.హెచ్. తెలిసినదే. బిడ్డకు ఏడాది నిండి, మింగగలుగుతూ ఉండి, బ్యాటరీ మింగి పన్నెండు గంటలు దాటకపోతే, దారిలో పది నిమిషములకు ఒకసారి రెండు టీస్పూనుల తేనె ఇవ్వవచ్చును, ఆరుసార్లకు మించి వద్దు. ఏడాది లోపు బిడ్డలకు తేనె అసలు పెట్టకూడదు. తేనె కోసము వెదుకుతూ ప్రయాణము ఆలస్యము చేయవద్దు. ముక్కులో, చెవిలో దూర్చుకున్నా వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవాలి.

పాత బిళ్ళలు ఉంటే రెండు ముఖములను టేపుతో చుట్టి, పిల్లలకు అందని చోట పెట్టండి. టేపు చుట్టినంత మాత్రాన భయము పోయిందని అనుకోవద్దు. మీ ఊరి నుండి పట్టణమునకు వెళ్ళేవారితో పాత బ్యాటరీలు తీసుకొనే దుకాణమునకు పంపించండి.

ఇక మీదట ఈ శీర్షికలో బిళ్ళ బ్యాటరీతో ఏ పనీ చెప్పము. పుస్తకములలో కార్డు పలుచగా, అందముగా ఉండాలని బిళ్ళను వాడతారు. వారి ఇళ్ళ సంగతి మాకు తెలియదు. మన ఇళ్ళలో చంటిబిడ్డ నేల మీదనే పాకుతుంది.

దానికి బదులు గోడకు తగిలించే స్టారు చేద్దాము. రెండు పెన్సిల్ సెల్లులు, స్క్రూ మూత ఉన్న చిన్న డబ్బా తీసుకోండి. రెండూ కలిపితే అదే 3 వోల్టులు. కిరాణా కొట్టులోనే దొరుకుతాయి. ఆల్కలైన్ రకము కొంటే సుమారు 2000 మిల్లీ ఆంపియర్ గంటలు ఉంటాయి, అంటే బిళ్ళ కంటె తొమ్మిది రెట్లు. రోజుకు మూడు గంటలు వెలిగించి ఆపితే డిసెంబరు అంతా వెలిగినా మిగులుతుంది.

ఒక మార్పు మరువవద్దు. బిళ్ళ బ్యాటరీ గట్టిగా కరెంటు ఇవ్వలేదు గనుక దీపము దానితో నేరుగా పెట్టినా బ్రతికింది. పెన్సిల్ సెల్లుకు ఆ బిగువు లేదు. కాబట్టి దీపమునకు ముందు 150 ఓముల రెసిస్టరు పెట్టాలి. దాని మీద గోధుమ, ఆకుపచ్చ, గోధుమ రంగు చారలు వరుసగా ఉంటాయి. ఎర్ర దీపము గాని పసుపు దీపము గాని వాడండి. తెల్లది, నీలిది 3 వోల్టులకు సరిగా వెలగవు.

రాగి టేపు దొరకనివారు మోటారు వైండింగు షాపులో తెగిన తీగ ముక్కలు అడగండి. ఊరికే ఇస్తారు. కాని ఆ తీగకు పైన వార్నిషు పూత ఉంటుంది, కొనలను ఉప్పుకాగితముతో రాగి మెరిసేవరకు గీకాలి. గీకకుండా అంటించి "మాది వెలగలేదు" అని వ్రాసినవారు క్రిందటి సంవత్సరము చాలామంది. సముద్రము దగ్గరివారు గీకిన చోట ఆలస్యము చేయకుండా సోల్డరింగు చేయించుకోండి. ఉప్పుగాలికి రాగి నల్లబడుతుంది.

చిప్ మీద ఒక చుక్క ఉంటుంది. చుక్క ప్రక్క కాలు ఒకటవది. పై నుండి చూస్తూ గడియారపు ముల్లు తిరిగే వైపునకు ఎదురుగా లెక్కపెట్టండి. నాలుగవ కాలు బ్యాటరీ మైనసుకు, ఎనిమిదవది ప్లస్సుకు, అయిదవది రెసిస్టరు ద్వారా దీపము పొడుగు కాలుకు. దీపము పొట్టి కాలు మైనసుకు. ప్లస్సు తీగను మధ్యలో తెంపి ఒక కాగితపు మడత పెట్టండి, మడత నొక్కితే తీగ కలవాలి, వదిలితే విడిపోవాలి. అదే స్విచ్చి. బట్టల క్లిప్పు పెడితే నొక్కే ఉంటుంది. చిప్ కొనేటప్పుడు పేరు చివర "వి" ఉన్నది అడగండి. సెల్లులు బలహీనమై 1.8 వోల్టులకు దిగేవరకు అది పని చేస్తుంది, మామూలుదానికి 2.7 కావాలి.

ప్రోగ్రాములో ఈసారి రెండు మాటలు చేర్చాము. ఇన్నిసార్లు వెలిగిన తరువాత నిద్రపో అన్నది ఒకటి. నిద్రలో చిప్ తినేది మేలుకొని ఉన్నప్పటిదానిలో వెయ్యోవంతు కూడ ఉండదు. అయితే లోపల వోల్టులు కొలిచే ఎ.డి.సి. అనే భాగమును కూడ ఆపమని చెప్పాలి. చెప్పకపోతే అది నిద్రలో కూడ తింటూనే ఉంటుంది. ఇది రెండవ మాట. మళ్ళీ వెలగాలంటే మడత వదిలి నొక్కితే చాలు, చిప్ మొదటి నుండి ప్రారంభిస్తుంది. ఇంకొకటి, క్రొత్త చిప్ ఫ్యాక్టరీ నుండి 1 మెగాహెర్ట్జ్ వేగముతో వస్తుంది. కంప్యూటరులో 8 అని ఎంచుకొని ఎక్కిస్తే మీ ఒక్క సెకను ఎనిమిది సెకనులు అవుతుంది. స్టారు బద్ధకముగా ఉన్నదంటే అక్కడ చూడండి.

"చూడకుండానే చెప్పేసేరా" అన్న ఆ అమ్మాయి సంగతి వ్రాసి ముగిస్తాము. క్రిస్మస్ వారములో సండేస్కూలు పిల్లలు కార్యక్రమమునకు విశాఖ వచ్చినపుడు, సాయంత్రము బీచిలో డాల్ఫిన్స్ నోస్ కొండ మీద లైటుహౌసు వెలుగు చూచారు. ప్రతి లైటుహౌసుకు తనదైన లయ ఉంటుందని, దానిని బట్టియే ఇది ఏ ఊరో పడవవారు గుర్తుపడతారని చెప్పాము. ఆ అమ్మాయి ఇసుకలో కూర్చుండి, వేరొకరి చేతి గడియారము అడిగి తీసుకొని, వెలుగు ఎప్పుడు తిరిగి వస్తుందో పదిసార్లు లెక్కపెట్టి అరచేతి మీద వ్రాసుకున్నది. మేము ఆ అంకెలు ఇక్కడ వ్రాయము. విశాఖవారు మీరే లెక్కపెట్టండి. కళింగపట్నము, సంతపల్లి వైపువారికి మీ లైటుహౌసులు మీకు ఉన్నాయి.

ఆ అమ్మాయి స్టారు ఇప్పుడు ఆ లయతోనే వెలుగుతున్నది. తండ్రి వేట నుండి వచ్చేవరకు గుమ్మములో వ్రేలాడదీస్తుందట. మొన్న మేము వెళ్ళినపుడు మరొక ప్రశ్న అడిగింది. సెల్లులు అయిపోయే ముందే చిప్ ఆ సంగతి చెప్పేటట్లు చేయవచ్చునా అని. చేయవచ్చును. చిప్ లోపల 1.1 వోల్టుల కొలబద్ద ఒకటి ఉంటుంది, దానితో తన సెల్లుల బలము తానే కొలుచుకోగలదు. ఆ ప్రోగ్రాము వ్రాస్తున్నాము. ఈసారి రెండు వారములు గోడకు తగిలించి, గడియారము పెట్టి చూచిన తరువాతనే ఈ శీర్షికలో వేస్తాము.